బ్యాగు నిండా కంపోస్టే పోశాను, గింజ మాత్రం లేవలేదు

ప్రశ్న: అక్కా, మాది రాజమండ్రి. డాబా మీద తోట మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. ఈసారి మట్టి అసలు కలపకుండా 12 గ్రో బ్యాగుల్లో మొత్తం కంపోస్టే నింపాను. సగం మా వంటింటి చెత్తతో డ్రమ్ములో నెలన్నర పాటు చేసుకున్నది (తడి ఎక్కువగా ఉంటే రంపపు పొట్టు కలిపాను), సగం కొన్న వర్మి కంపోస్టు. తోటకూర, పాలకూర ఒక్క గింజ లేవలేదు. మెంతి సగం వచ్చింది. బీర పైకి వచ్చి ఆగిపోయింది, ఒకటి పీకి చూస్తే వేరు కొస గోధుమ రంగులో మాడినట్టుంది. టమాటా రెండాకుల దగ్గరే పసుపెక్కి నిలబడిపోయింది. మిగిలిన గింజలు మూలన ఉన్న పాత బకెట్లో ఉత్త మట్టిలో చల్లేస్తే అక్కడ తోటకూర ఒత్తుగా మొలిచింది! విత్తనాలు నాసిరకమా? జీవామృతం పోస్తే లేస్తాయా? మా అత్తగారు నీ చెయ్యి మంచిది కాదంటున్నారు. డాలస్‌లో మా చెల్లి కూడా పశువుల ఎరువు బస్తాలు కొని వేస్తే టమాటా ఆకులు మెలికలు తిరిగిపోతున్నాయంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది, ఏం చెయ్యమంటారు?

సమాధానం: చెల్లెమ్మా, ముందు చెయ్యి సంగతి తేల్చేద్దాం. మీ చేతికి ఏ దోషమూ లేదు. అదే చేత్తో చల్లిన అవే గింజలు బకెట్లో ఒత్తుగా లేచాయని మీరే రాశారు. ప్యాకెట్టు ఒకటే, డాబా ఒకటే, ఎండా వానా ఒకటే, మారింది గింజ కింద ఉన్న పదార్థం ఒక్కటే. దాంతో విత్తనాలు నాసిరకమన్న అనుమానం కూడా పోయింది. మీ అత్తగారిని ఒకసారి డాబా మీదికి తీసుకెళ్ళి ఆ బకెట్ చూపించండి, ఆవిడకే అర్థమవుతుంది.

గింజ తన సద్దిమూట తనే కట్టుకుని వస్తుంది. పప్పు బద్దల్లో దాచుకున్న ఆ తిండితోనే వేరు దిగుతుంది, మొలక పైకి లేస్తుంది, మొదటి ఆకులు విచ్చుకుంటాయి. ఆ వారం పది రోజులూ దానికి బయటి నుంచి ఎరువు అక్కర్లేదు. కావలసినవి తడి, గాలి, తగినంత వెచ్చదనం, అంతే. మనం ప్రేమ కొద్దీ కింద ఎంత బలం పోస్తే అంత బాగా లేస్తుందనుకుంటాం, కానీ ఆ బలం ఎక్కువైతే గింజకు తడే అందదు. ఎందుకంటారా, ఆవకాయ పెట్టిన రోజు గుర్తు చేసుకోండి. మామిడి ముక్కకు ఉప్పూ కారం పట్టించి జాడీలో పెడితే మూడో రోజుకి ఊట ఊరుతుంది. ముక్కలో ఉన్న నీటిని బయటి ఉప్పు లాగేసింది కాబట్టే ఆ ఊట. కంపోస్టులో కూడా పొటాషియం, సోడియం, అమ్మోనియం లాంటి లవణాలు ఉంటాయి, వంటింటి చెత్తలో మిగిలిపోయిన సాంబారు, పచ్చడి, ఉప్పు వేసి వండిన అన్నం పడితే ఇంకా ఎక్కువవుతాయి. అలాంటి కంపోస్టు మధ్య గింజ పడితే చుట్టూ ఎంత తడి ఉన్నా లోపలికి పీల్చుకోలేదు. చెయ్యి పెట్టి చూస్తే బ్యాగు తడిగానే ఉంటుంది, అందుకే మనకు అనుమానం రాదు.

మెంతి సగమైనా వచ్చి తోటకూర పూర్తిగా పోవడానికీ ఒక కారణం ఇక్కడే కనిపిస్తోంది. తోటకూర గింజలు గ్రాముకి వెయ్యికి పైగా తూగుతాయి. ఒక మెంతి గింజ బరువు తోటకూర గింజకు పదింతలు దాటి ఉంటుంది. మూట పెద్దదైతే కొంత కష్టాన్ని తట్టుకుంటుంది. ఆవగింజ కంటే చిన్న గింజలు త్వరగా దెబ్బతింటాయి, తోటకూర లాంటివి ముందు పోయేది ఇందుకే.

ఇక బీర వేరు కొస మాడిపోయిందన్నారు. ఆరోగ్యంగా ఉన్న మొలకను మెల్లగా పీకి చూడండి, వేరు పాలలాగా తెల్లగా ఉండి, కొసకు కాస్త పైన సన్నటి నూగు కనిపిస్తుంది, ఆ నూగుతోనే నీరు తాగుతుంది. మీరు చూసిన గోధుమ రంగు కొస మాగని కంపోస్టు చేసిన పని. చెత్త చివికే మధ్య దశలో, ముఖ్యంగా డ్రమ్ములో గాలి ఆడక అడుగున రసం నిలిచినప్పుడు, వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం, ఇంకా కొన్ని ఆమ్లాలు పుడతాయి. అప్పుడది పులిసిన పిండి కంటే ఘాటుగా, ముక్కు పుటాలు ముడుచుకునేలా వాసన వేస్తుంది. పేడ, పప్పు పొట్టు లాంటి నత్రజని ఎక్కువున్నవి చివికేటప్పుడైతే అమ్మోనియా వస్తుంది, అది పశువుల కొట్టంలో తెల్లవారుజామున కొట్టే మూత్రం వాసన. రెండూ లేత వేరుకు విషమే. పెద్ద మొక్కకు ఎంతో కొంత తట్టుకునే శక్తి ఉంటుంది, నిన్న మొన్న పుట్టిన వేరు తట్టుకోలేదు.

నెలన్నర చాలదండీ. పెద్ద కుప్ప, అంటే పొడవూ వెడల్పూ ఎత్తూ కనీసం మీటరు చొప్పున ఉన్నది, లోపల 55 నుంచి 65 డిగ్రీల దాకా వేడెక్కి తొందరగా చివుకుతుంది, ఆ వేడికి కలుపు గింజలూ తెగుళ్ళూ చాలావరకు చస్తాయి. డాబా మీది చిన్న డ్రమ్ము అంత వేడి పట్టి ఉంచలేదు. అందులో మూడు నెలలు, వానాకాలంలో నాలుగు నెలలు అనుకోండి. మీ బ్యాగుల్లో వెయ్యకుండానే గుమ్మడి మొక్కో టమాటా మొక్కో లేచిందేమో చూడండి, లేస్తే ఆ చెత్త వేడెక్కలేదనే అర్థం. వానపాములతో చేసే వర్మి కంపోస్టు కూడా వేడెక్కదు, వేడెక్కితే వానపాములు బతకవు కదా, కాబట్టి అందులోనూ గింజలు బతికే ఉంటాయి.

నా సంగతి ఒకటి చెబుతాను. నేను పెరటి తోట మొదలుపెట్టిన ఏడాది, దగ్గర్లోని ఒక డెయిరీ నుంచి ఎరువు తెప్పించాను, బాగా మాగిందని వాళ్ళు చెప్పారు, పైన చూస్తే నల్లగానే ఉంది. వంగ నారుమడి కోసం అదే దట్టంగా పరిచాను. వారం తర్వాత మొలకలు పలచగా వచ్చాయి, ఇంకో పది రోజులకు అవి కూడా ఒక్కొక్కటే వాలిపోతున్నాయి. తవ్వి చూస్తే బొటనవేలంత తెల్లటి వేరు పురుగులు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి, మాగని పేడలో పెంకు పురుగులు గుడ్లు పెడతాయని అప్పుడు నాకు తెలియదు. మొత్తం మడి పోయింది. మా నాన్న ఊరి నుంచి వచ్చి, కుప్ప లోపలికి మోచేతి దాకా చెయ్యి పెట్టి, ఒక పిడికెడు తీసి పిండి, వాసన చూసి, “ఇది ఇంకా ఉడుకుతోందమ్మా” అన్నారు. నిజమే, లోపల గోరువెచ్చగా ఉంది. మా ఊళ్ళో పెంటకుప్పను ఏడాదంతా మాగనిచ్చి రోహిణి కార్తెలోనే పొలానికి తోలేవాళ్ళు. తొలకరి పడి గింజ వేసే వేళకు అందులో వేడి మిగిలేది కాదు. మాగిన ఎరువు వాసన ఎలా ఉంటుందో మాటల్లో చెప్పాలంటే, ఎండిన నేల మీద మొదటి వాన పడ్డప్పటి వాసన, అచ్చం అదే. ఆ వాసన పుట్టించే సూక్ష్మజీవులే మాగిన కంపోస్టులోనూ ఉంటాయి.

టమాటా కథ మాత్రం వేరు. అది మొలిచింది, రెండాకులు వేసింది, ఆ తర్వాత పసుపెక్కింది, అంటే సద్దిమూట అయిపోయి బయటి తిండి కోసం చూసే సమయానికి తిండి దొరకలేదు. కంపోస్టు నిండా పోసినా తిండి లేకపోవడమేమిటి అనిపిస్తుంది కదా, అక్కడ మీరు కలిపిన రంపపు పొట్టు అడ్డం పడి ఉంటుంది. రంపపు పొట్టులో ఒక పాలు నత్రజనికి రెండు మూడు వందల పాళ్ళకు పైగా కార్బన్ ఉంటుంది. ఆవు పేడలో అది 20, 25 పాళ్ళ దగ్గర ఉంటుంది. ఆ పొట్టును చివికించే సూక్ష్మజీవులకు నత్రజని కావాలి, చుట్టూ ఉన్నదంతా ముందు అవే తినేస్తాయి, మొక్క వంతు వచ్చేసరికి ఏమీ మిగలదు. పొట్టు పూర్తిగా చివికాక ఆ సూక్ష్మజీవులు చచ్చి అదే నత్రజనిని తిరిగి వదులుతాయి, కానీ అప్పటిదాకా మొక్క ఆగలేదు. ఊక, ఎండు గడ్డి ముక్కలు, అట్టపెట్టెల చింపిరి, అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. డ్రమ్ములో తడి పీల్చడానికి ఇవి మంచివే, నేనూ వాడతాను, కంపోస్టులో పొట్టు ఇంకా పొట్టులాగే కనిపిస్తుంటే మాత్రం దాన్ని గింజ దగ్గరికి రానివ్వను. మన ప్రభుత్వం 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో నగరాల చెత్తతో చేసి అమ్మే కంపోస్టుకు కార్బన్ నత్రజని నిష్పత్తి 20 లోపు ఉండాలని, లవణాల కొలత అయిన ఈసీ 4 దాటకూడదని పెట్టింది ఈ రెండు ఇబ్బందుల వల్లే.

కొన్న వర్మి కంపోస్టు మంచిదే అయి ఉండవచ్చు, అయినా దాన్ని మాత్రమే నింపితే లాభం లేదు. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో క్లైవ్ ఎడ్వర్డ్స్ బృందం టమాటా, మిరప, పూల మొక్కల మీద ఏళ్ళ తరబడి చూసిన దాంట్లో, కుండీ మిశ్రమంలో వర్మి కంపోస్టు 10 నుంచి 20 శాతం ఉన్నప్పుడే మొక్కలు ఎక్కువగా బాగుపడ్డాయి, పాళ్ళు బాగా పెంచితే ఆ పెరుగుదల కనిపించలేదు. పది శాతం అంటే తొమ్మిది గిన్నెల మట్టికి ఒక్క గిన్నె. ఈ లెక్క మీకు డబ్బు కూడా మిగులుస్తుంది. పైగా ఉత్త వర్మి కంపోస్టు తడిసి కిందికి దిగిపోయి ముద్దలా అవుతుంది, గాలి ఆడదు, గింజ ఊపిరాడక కుళ్ళుతుంది.

ఇప్పుడు పరీక్ష. ఇకపై కంపోస్టు ఏదైనా, మీరు చేసుకున్నదైనా కొన్నదైనా, దాంట్లో విత్తనం వేసే ముందు ఇది చెయ్యండి, నాలుగు రోజుల పని. ఒక గ్లాసు కంపోస్టును పది గ్లాసుల నీళ్ళలో కలిపి గంట సేపు ఉంచి పల్చటి గుడ్డతో వడకట్టండి. రెండు పళ్ళేల్లో పేపర్ న్యాప్‌కిన్లు పరిచి, ఒకదాన్ని ఆ నీళ్ళతో, రెండోదాన్ని మంచి నీళ్ళతో తడిపి, చెరో పది ముల్లంగి గింజలు పేర్చి పైన మూత పెట్టండి. నాలుగో రోజు ఎన్ని మొలిచాయో లెక్కపెట్టి, స్కేలుతో వేళ్ళ పొడవు కొలవండి. మంచి నీళ్ళ పళ్ళెంలో పదీ మొలిచి వేరు సగటున 4 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, కంపోస్టు పళ్ళెంలో ఎనిమిది మొలిచి 3 సెంటీమీటర్లే వచ్చిందనుకోండి. మొలకల్లో 80 శాతం, పొడవులో 75 శాతం, రెండూ హెచ్చిస్తే 60. ఇది ఇటలీలో జుకోని అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు 1981లో చెప్పిన లెక్క. 80 దాటితే కంపోస్టు మాగినట్టు, 50 లోపు ఉంటే అందులో విషం ఉన్నట్టు. మధ్యలో వస్తే ఇంకో నెల మాగనివ్వండి. నాకు ఈ పరీక్షలో నచ్చేది ఏమిటంటే, మొలకల సంఖ్య చూసి మోసపోకుండా వేరు పొడవు నిజం చెప్పేస్తుంది. చాలాసార్లు గింజలన్నీ పగిలి మొలక కనిపిస్తుంది, మనం సంతోషపడిపోతాం, వేరు మాత్రం బియ్యపు గింజంత దగ్గర ఆగి ఉంటుంది.

అంత ఓపిక లేని రోజున తడి కంపోస్టు గుప్పెడు పాలిథిన్ సంచిలో వేసి గాలి తీసేసి మూతి గట్టిగా కట్టి మూడు రోజులు నీడలో పెట్టండి. విప్పినప్పుడు సంచి ఉబ్బి ఉన్నా, ముక్కు పగిలే వాసన వచ్చినా ఇంకా మాగలేదని.

మీ 12 బ్యాగుల్లో ఉన్నది పారెయ్యకండి, అందులో మీ కష్టం చాలా ఉంది. అంతా ఒక టార్పాలిన్ మీద గుమ్మరించి కలిపి, డాబా మూలన కుప్ప చేసి, వాన పడకుండా పైన కప్పు వేసి పక్కల గాలి ఆడేలా వదలండి. వారానికోసారి తిరగెయ్యండి. పిడికెట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధారగా కారితే తడి ఎక్కువ, పొడిపొడిగా రాలితే తక్కువ. రంపపు పొట్టు ఉంది కాబట్టి పచ్చి పేడ రెండు బొచ్చెలు నీళ్ళలో కలిపి చల్లండి, పొట్టు చివకడానికి కావలసిన నత్రజని దొరుకుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఆ తర్వాత ముల్లంగి పరీక్షలో మొలకల సంఖ్య బాగానే ఉండి వేరు మాత్రం పొట్టిగా వస్తోందంటే లవణాలు మిగిలి ఉండవచ్చు, అప్పుడు అడుగున చిల్లులున్న బ్యాగులో నింపి, బ్యాగుకు పట్టే నీళ్ళకు రెట్టింపు నీళ్ళు మెల్లగా పోసి కిందికి పోనివ్వండి. కొంత బలం కూడా నీళ్ళతో పోతుంది, పోతే పోయింది.

ఈలోగా విత్తనాల కోసం చిన్నగా ఒక మిశ్రమం కలుపుకోండి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, రెండు పాళ్ళు కడిగిన కొబ్బరి పొట్టు, ఒక పాలు జల్లించిన వర్మి కంపోస్టు. కడిగిన అని ఎందుకు అంటున్నానంటే కొబ్బరి పొట్టును అదిమి చేసే కోకోపీట్ ఇటుకల్లో కూడా ఉప్పు ఉంటుంది, రెండు మూడు సార్లు నీళ్ళు మార్చి పిండితే గానీ పోదు. మొదటి సారి పిండిన నీళ్ళు చిక్కటి టీ డికాక్షన్ లాగా వస్తాయి, రంగు పలచబడే దాకా పిండండి. గ్రో బ్యాగులో నేరుగా వేసే ఆకుకూరలకైతే బ్యాగు ఎత్తును మూడొంతులు చేసి, కింది రెండొంతుల్లో కంపోస్టు కాస్త ఎక్కువున్న మట్టి నింపి, పైన మూడు అంగుళాలు ఈ మిశ్రమం వెయ్యండి. గింజ పైపొరలో హాయిగా మొలుస్తుంది, వేరు కిందికి దిగే సరికి మొక్క ఎరువు తినే వయసుకు వస్తుంది. తోటకూర గింజలను ఇసుకతో కలిపి చల్లి పైన చెంచా మట్టి దులిపితే చాలు, గింజ మందానికి రెండింతల కంటే లోతు వద్దు. వేపపిండి వేస్తుంటే విత్తనానికి రెండు వారాల ముందే మట్టిలో కలిపి తడుపుతూ ఉంచండి, అందులో దగ్గర దగ్గర 5 శాతం నత్రజని ఉంటుంది, చివికేటప్పుడు అమ్మోనియా వదులుతుంది. పొయ్యి బూడిద గుప్పిళ్ళతో చల్లే అలవాటుంటే మానండి, క్షారం, లవణం రెండూ ఎక్కువ.

జీవామృతం అడిగారు. ఇప్పుడున్న బ్యాగుల్లో పోస్తే గింజ లేవదు, ఉప్పూ ఆమ్లమూ దాంతో పోవు. అది ఆవు పేడ, మూత్రం, బెల్లం లాంటివి నీళ్ళలో పులియబెట్టి చేసేది, మొక్క నిలదొక్కుకున్నాక మట్టిలోని జీవాల కోసం పోస్తారు. విత్తనానికి బీజామృతం ఉంది. రైతులు 20 లీటర్ల నీళ్ళకు 5 కిలోల ఆవు పేడ, 5 లీటర్ల మూత్రం, 50 గ్రాముల సున్నం, గట్టు మట్టి గుప్పెడు కలిపి రాత్రంతా ఉంచుతారు. మీకు లీటరు నీళ్ళకు పావు కిలో పేడ, పావు లీటరు మూత్రం, చిటికెడు సున్నం, చిటికెడు మట్టి చాలు. గింజలకు పట్టించి నీడలో ఆరబెట్టి వెయ్యండి. నారుకుళ్ళు భయం ఉంటే విత్తన మిశ్రమంలో ట్రైకోడెర్మా విరిడె (కుళ్ళు తెగుళ్ళను అణిచే మేలైన బూజు పొడి) కిలోకు ఒక చెంచా కలపండి, వానాకాలంలో నేను ఇది తప్పకుండా చేస్తాను.

ఇదంతా చదివి కంపోస్టే వద్దనుకుంటారేమో, అలా చెయ్యకండి చెల్లెమ్మా. తెలంగాణ ఎర్ర చెల్క నేలల్లో గింజ వేసిన మర్నాడు గట్టి వాన పడి ఆ పైన ఎండ కాస్తే నేల అట్ట కడుతుంది, మొలక కింద వంకర తిరిగి పైకి రాలేక చచ్చిపోతుంది. మాగిన ఎరువు పడిన నేల అలా బిగుసుకుపోదు, తడి ఆరిపోకుండా పట్టి ఉంచుతుంది, వేరు కుళ్ళించే బూజులను అందులోని మంచి సూక్ష్మజీవులు అదుపులో పెడతాయి. పొలంలో జీలుగ, జనుము, పిల్లిపెసర లాంటి పచ్చిరొట్ట వేసి కలియదున్నే వాళ్ళు కూడా మెట్ట పంట గింజ వెయ్యడానికి రెండు మూడు వారాలు ఆగుతారు, పచ్చిగా కుళ్ళే దశలో గింజ పడితే బూజు పట్టిపోతుంది. మీ డ్రమ్ములో జరిగిందీ చాలావరకు అదే.

డాలస్ చెల్లికి వేరేగా చెప్పాలి. ఆకులు మెలికలు తిరిగి, కొత్త చిగుళ్ళు ఫెర్న్ ఆకుల్లా సన్నబడి పైకి చుట్టుకుంటుంటే అది లవణం కాకపోవచ్చు. అక్కడ పచ్చిక బయళ్ళలో కలుపు చంపడానికి అమినోపైరాలిడ్, క్లోపైరాలిడ్ లాంటి మందులు వాడతారు. ఆ గడ్డి తిన్న పశువుల పేడలో ఆ మందు అలాగే బయటికి వస్తుంది, కంపోస్టు చేసినా నెలల తరబడి చావదు. టమాటా, చిక్కుడు జాతి మొక్కలకు అది మరీ పడదు. ఆ ఎరువు కొంచెం ఒక కుండీలో మట్టితో కలిపి నాలుగు చిక్కుడు గింజలు, ఎరువు లేని మట్టిలో ఇంకో నాలుగు వేసి మూడు వారాలు చూడమనండి. ఎరువు కుండీలో మాత్రమే ఆకులు ముడుచుకుంటే ఆ బస్తాలు కూరగాయలకు వాడొద్దు, లాన్ మీద పల్చగా చల్లుకోవచ్చు, గడ్డిని అది ఏమీ చెయ్యదు. కాకపోతే ఆ లాన్ కోసిన గడ్డిని మళ్ళీ కంపోస్టులో వెయ్యొద్దని గట్టిగా చెప్పండి.

మీ టమాటా మొక్కలను కాపాడవచ్చు. రెండాకులవే కదా, వేరు కదలకుండా చెంచాతో మట్టి గడ్డతో సహా తీసి కొత్త మిశ్రమంలోకి మార్చండి, సాయంత్రం పూట మార్చి రెండు రోజులు నీడలో పెట్టండి. బీరకు ఆశ వదిలేసి మళ్ళీ వెయ్యండి, గింజల్ని రాత్రంతా నానబెట్టి వేస్తే వారం లోపే లేస్తాయి. పాత బకెట్లో తోటకూర ఒత్తుగా ఉందన్నారు, అలాగే వదిలేస్తే అన్నీ సన్నగా సాగిపోతాయి. నాలుగు వేళ్ళ దూరానికి ఒకటి ఉంచి మిగతావి పీకెయ్యండి, పీకినవి కడిగి ఈ పూట పప్పులో వేసి అత్తగారికి వడ్డించండి. పది రోజులకు బకెట్లో మిగిలిన వాటికి పిడికెడు వర్మి కంపోస్టు మొదళ్ళ చుట్టూ చల్లండి, ఇప్పుడు వాటికి అది కావాలి. ముల్లంగి పళ్ళేల లెక్క ఎంత వచ్చిందో నాకు రాయండి.